అమ్మకు భుజం నొప్పితో నిద్ర లేదు, ఫిజియోథెరపీ ఏం చేయగలదు?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 57 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఐదు నెలల క్రితం కుడి భుజం పట్టేసింది. రాత్రి రెండింటికో మూడింటికో లేచి మంచం మీద కూర్చుండిపోతున్నారు. ఒక డాక్టర్ గారు ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి నిద్రమాత్ర రాశారు, ఇంకొకరు ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. "కరెంటు పెట్టి, చెయ్యి లాగితే నిద్రెలా వస్తుందండీ?" అని మీ ప్రశ్న. నాన్నగారి గురక గురించి కూడా చివర్లో ఒక మాట అడిగారు.

నేను 21 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. భుజం నొప్పి, నడుం నొప్పి అంటూ వచ్చేవాళ్లలో చాలామంది నిద్ర మాట తమంతట తాము ఎత్తరు. చెయ్యి ఎంతవరకు లేస్తోందో చూపిస్తారు. జడ వేసుకోలేకపోతున్నాననో, పై అరలో డబ్బా అందుకోలేకపోతున్నాననో చెబుతారు. "రాత్రిళ్లు నిద్ర ఎలా ఉందమ్మా?" అని నేను అడిగినప్పుడు మాత్రం కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పగలంతా ఓర్చుకున్న మనిషికి రాత్రి ఓపిక ఉండదు. అందుకే మీరు నిద్ర గురించే ముందు అడగడం మంచిదయింది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా. ఆ మాట ఒంట్లో నొప్పి లేనివాళ్ల విషయంలోనే నిజం. భుజం పట్టేసిన మనిషికి పట్టుపరుపు వేసినా నిద్ర రాదు. నొప్పి వల్ల నిద్ర చెడుతుందని అందరికీ తెలుసు. నిద్ర చెడితే మర్నాడు అదే నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుందన్నది అంతగా తెలియదు. నొప్పి ఉన్నవాళ్లను రోజుల తరబడి గమనించిన అధ్యయనాల్లో, ఇవాళ్టి నొప్పి రాత్రి నిద్రను చెడగొట్టడం కంటే, చెడిన నిద్ర రేపటి నొప్పిని పెంచడమే గట్టిగా కనిపించింది. అంటే అమ్మగారి నిద్రను బాగుచేయడం కూడా భుజానికి చేసే వైద్యంలో భాగమే.

మొదట చేయాల్సింది, ఆవిడను నిద్రలేపుతున్నది ఏమిటో కచ్చితంగా తెలుసుకోవడం. భుజమే అని మీరు అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకుంటున్నాను. కానీ పన్నెండేళ్ల షుగర్ ఉన్న మనిషి విషయంలో ఊహతో సరిపెట్టుకోకూడదు. ఒక కాగితం, పెన్ను మంచం పక్కన పెట్టండి. మూడు రాత్రులు చాలు. ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఆ క్షణంలో ఒంట్లో ఏం తెలిసింది, ఏ పక్కకు తిరిగి ఉన్నారు అన్న మూడూ రాయమనండి. బాత్‌రూమ్ కోసమే రెండు మూడుసార్లు లేస్తుంటే షుగర్ అదుపులో లేదేమో చూడాలి. అరికాళ్లు మండుతూ దుప్పటి తగిలితే కూడా సహించలేకపోతుంటే అది నరాల సంగతి. చెమటలు పట్టి, వణుకుతూ, గుండె దడతో లేస్తే అప్పటికప్పుడు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించి, మర్నాడే షుగర్ డాక్టర్ గారికి చెప్పండి. వీటిలో దేన్నీ ఫిజియోథెరపిస్టు బాగుచేయలేరు. ఈ కాగితం చూడకుండా చికిత్స మొదలుపెడితే ఎన్ని వారాలైనా వృథా అయిపోతాయి.

భుజం నొప్పే లేపుతోందని తేలితే, అక్కడ మేం చేయగలిగింది చాలా ఉంది.

భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో అది వాచి, మందమై, ముడుచుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మిగతావాళ్లకంటే చాలా ఎక్కువగా వస్తుంది, తగ్గడానికి కూడా ఎక్కువ కాలం తీసుకుంటుంది. మొదటి దశలో నొప్పి ఎక్కువ, ముఖ్యంగా రాత్రిళ్లు. తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగులుతుంది. ఆ తర్వాత మెల్లగా వదులవుతుంది. అమ్మగారు ఇంకా మొదటి దశలోనే ఉన్నట్టుంది.

ఇప్పుడు పడుకున్నప్పుడు ఏమవుతుందో చూడండి. కుడివైపు తిరిగితే ఒంటి బరువంతా ఆ కీలు మీదే. ఎడమవైపు తిరిగితే కుడి చెయ్యి ముందుకు జారి ఛాతీ మీదుగా కిందికి వేలాడుతుంది, దాంతో కీలు వెనకభాగం లాగుతుంది. వెల్లకిలా పడుకుంటే పర్వాలేదనుకుంటాం. కానీ భుజం కంటే మోచెయ్యి కిందికి, పరుపులోకి దిగిపోతుంది, ఈసారి ముందుభాగం లాగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు ఇబ్బంది అనిపించిన వెంటనే చెయ్యి సర్దుకుంటాం. నిద్రలో గంటసేపు అలాగే ఉండిపోతాం. లేచేసరికి చెయ్యి ఊడిపోతున్నట్టు ఉంటుంది.

అందుకే మా క్లినిక్‌లో భుజం నొప్పితో వచ్చిన వాళ్లను నేను మొదటిరోజే మంచం ఎక్కిస్తాను. "ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పడుకుని చూపించండి" అంటాను. ఒకసారి దాదాపు మీ అమ్మగారి వయసావిడ వచ్చారు, ఆవిడకూ కుడి భుజమే. పడుకోగానే మామూలుగా కుడివైపుకు ఒత్తిగిలి, మూలిగి, మళ్లీ వెల్లకిలా తిరిగారు. "నొప్పి ఉన్నవైపుకే ఎందుకు తిరుగుతున్నారమ్మా?" అంటే, "అలవాటండీ, మనవరాలు అటే పడుకుంటుంది. దాని మొహం చూస్తూ, వీపు మీద తడుతూ ఉంటేగానీ నిద్రపోదు" అన్నారు. నాలుగేళ్ల పాప కుడివైపు, గోడ ఎడమవైపు. రోజూ రాత్రి ఆ పాపను నిద్రపుచ్చడానికి అరగంటసేపు నొప్పి ఉన్న భుజం మీదే ఒరిగి, అదే చేత్తో జోకొడుతున్నారు. మంచాన్ని అవతలి గోడవైపు జరిపి పాపను ఎడమవైపుకు మార్చమన్నాను. ఇప్పుడు ఆవిడ ఎడమవైపు తిరిగితే పాప మొహం కనిపిస్తుంది, కుడి చెయ్యి దిండు మీద ఉంటుంది. వారం తర్వాత వచ్చి, మూడుసార్లు లేచేదాన్ని ఒక్కసారే లేస్తున్నానని చెప్పారు. అప్పటికి భుజం వ్యాయామాలు ఇంకా సరిగ్గా మొదలే పెట్టలేదు.

కాబట్టి ఈ రాత్రే మీరు చేయగలిగింది ఒకటుంది. మూడు దిండ్లు, ఒక పాత టవల్ తీసుకోండి. వెల్లకిలా పడుకుంటే, టవల్‌ను నాలుగు మడతలు పెట్టి కుడి మోచేతి కింద, జబ్బ కింద పెట్టండి. పక్కనుంచి చూసినప్పుడు మోచెయ్యి భుజానికి సమానంగానో, ఒక వేలు పైకో ఉండాలి, వెనక్కి పడిపోకూడదు. ముంజేతిని పొట్ట మీద ఒక చిన్న దిండు పెట్టి దానిమీద ఆనించమనండి. ఎడమవైపు తిరిగితే, ఛాతీకి ఎదురుగా లావుపాటి దిండు పెట్టి దాన్ని కావలించుకున్నట్టు కుడి చేతిని మొత్తం, మోచేతి నుంచి మణికట్టు దాకా, దానిమీద వేయాలి. మణికట్టు వేలాడకూడదు. వీపు వెనక ఇంకో దిండు పెడితే నిద్రలో వెనక్కి దొర్లకుండా ఆపుతుంది. తలకింద దిండు మెడకూ పరుపుకూ మధ్య ఖాళీ నిండేంత ఎత్తుంటే చాలు. బూరుగుదూది దిండు పాతదై ఉండకట్టి ఉంటే మార్చేయండి. మరీ నొప్పిగా ఉన్న రాత్రుల్లో కొందరికి పడక కుర్చీలోనో, వీపు వెనక దిండ్లు పేర్చుకుని సగం కూర్చున్నట్టో పడుకుంటేనే హాయిగా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, కొన్నాళ్లు అలాగే పడుకోనివ్వండి.

పడుకునేముందు వేడినీళ్ల బ్యాగును టవల్‌లో చుట్టి పదిహేను నిమిషాలు భుజం మీద పెట్టండి. పన్నెండేళ్ల షుగర్ కాబట్టి చర్మానికి స్పర్శ సరిగ్గా తెలుస్తోందో లేదో ముందు చూసుకోవాలి. వేడిని మీ చేత్తో మీరు చూసి పెట్టండి, అది పెట్టుకునే నిద్రపోనివ్వకండి. చర్మం కాలి, బొబ్బలు లేచాక గాని తెలియని వాళ్లను చూశాను.

ఇక చెయ్యి లాగడం సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఎందుకంటే మీ భయం సరైనదే, నేనే ఆ తప్పు చేశాను. నా మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. భుజం బిగిస్తే గట్టిగా లాగి వదులు చేయాలన్నదే అక్కడి పద్ధతి, నేనూ అదే నమ్మాను. రిటైరైన ఒక మాస్టారు వచ్చేవారు. పళ్లు బిగించి ఓర్చుకునేవారు, నేను మెచ్చుకునేదాన్ని. నాలుగో రోజు రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లావిడ తీశారు. "అమ్మా, నువ్వు చేసిన రోజు రాత్రల్లా ఆయన వరండాలో కుర్చీలో కూర్చునే తెల్లవారుస్తున్నారు. ఇంక పంపను" అన్నారు. నేను ఆయన చెయ్యి ఎన్ని డిగ్రీలు లేచిందో రోజూ రాసుకున్నాను. రాత్రి ఎలా గడిచిందని ఒక్కరోజూ అడగలేదు.

తర్వాత చదివితే తెలిసింది. 2004లో నెదర్లాండ్స్ వైద్యులు 77 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగులను రెండేళ్లు గమనించారు. కొందరికి నొప్పి హద్దు దాటేలా గట్టిగా సాగదీశారు. మిగతావాళ్లకు నొప్పి హద్దులోపలే మెల్లమెల్లగా కదిలించే వ్యాయామాలు ఇచ్చారు. మెల్లగా చేసినవాళ్లే బాగా కోలుకున్నారు. నొప్పి ఎక్కువగా ఉన్న దశలో భుజాన్ని బలవంతపెట్టకూడదన్నది అప్పటినుంచి నా నియమం.

అందుకే ఇప్పుడు నాకు నిద్రే కొలబద్ద. వ్యాయామం చేస్తుంటే కొంచెం లాగినట్టు ఉండొచ్చు, అది ఓ అరగంటలో మామూలైపోవాలి. ఆ రాత్రి ఎప్పటికంటే ఎక్కువసార్లు మెలకువ వస్తే మోతాదు ఎక్కువైందని అర్థం, మర్నాడు సగానికి తగ్గిస్తాను. రెండు మూడు రాత్రులు బాగా నిద్రపట్టిందంటే కొంచెం పెంచుతాను. మీరు ఎక్కడ చేయించినా సరే, ఆ ఫిజియోథెరపిస్టుకు రాత్రి సంగతి రోజూ చెప్పండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.

అమ్మగారికి ఇప్పుడు సరిపోయేవి మూడే. ఒకటి, టేబుల్ మీద ఎడమ చెయ్యి ఆనించి ముందుకు వంగి, కుడి చేతిని గంట లోలకంలా వేలాడదీసి, ఒంటిని ఊపుతూ దాన్ని ఊగనివ్వడం. భుజం కండతో తిప్పకూడదు, ఒంటి ఊపుకే కదలాలి. రెండు, భోజనాల బల్ల ముందు కూర్చుని, చేతికింద మడత పెట్టిన టవల్ ఉంచి, దాన్ని ముందుకు జరుపుతూ మెల్లగా వంగడం. మూడు, వెల్లకిలా పడుకుని రెండు చేతులతో గొడుగు కర్ర పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి ఉంచి, ఎడమ చేత్తో కుడి అరచేతిని బయటివైపుకు నెమ్మదిగా తోయడం. ఒక్కోటి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. సాయంత్రం పూట చేసేది పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందే అయిపోవాలి. పడుకోబోయేముందు కావాలంటే ఆ ఊపడం ఒక్కటి చేయొచ్చు.

కీళ్ల డాక్టర్ గారు భుజంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే వెంటనే వద్దనకండి. మొదటి దశలో నొప్పి తగ్గడానికి, నిద్ర పట్టడానికి అది బాగా ఉపయోగపడుతుంది. నొప్పి తగ్గిన ఆ కొన్ని వారాల్లో వ్యాయామం కూడా బాగా సాగుతుంది. కాకపోతే ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ముందే చెప్పి, ఆ రోజుల్లో తరచుగా చూసుకోవాలి.

కరెంటు గురించి అడిగారు. నొప్పి ఉన్నచోట సన్నగా కరెంటు పంపే ఐఎఫ్‌టీ, టెన్స్, ధ్వని తరంగాలు పంపే అల్ట్రాసౌండ్ లాంటి మెషిన్లు కొందరికి కాసేపు ఉపశమనం ఇస్తాయి. వ్యాయామానికి ముందు పెడితే చేసుకోవడం సులువవుతుంది, అంతవరకే. పది రోజుల ప్యాకేజీ అని చెప్పి రోజూ అరగంట మెషిన్ పెట్టి పంపించేస్తూ, ఇంట్లో ఏం చేయాలో, రాత్రి ఎలా పడుకోవాలో చెప్పకపోతే అక్కడ డబ్బు పెట్టకండి.

భుజంతో ఆగకుండా ఇంకొన్ని రాస్తాను. ఇలా రాత్రిళ్లు లేచి కూర్చునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ రావడం చాలామంది చెబుతారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, లేచి చెయ్యి విదిలిస్తేగానీ తగ్గదు. బీడీలు చుట్టేవాళ్లలో, టైలర్లలో, రోజంతా కంప్యూటర్ మీద ఉండేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో చూస్తుంటాను. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం దీనికి కారణం. నిద్రలో మణికట్టు మడిచి చెంప కింద పెట్టుకుంటే ఇంకా నొక్కుకుంటుంది. మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ రాత్రిపూట కట్టుకుంటే చాలామందికి కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. బొటనవేలి కింద కండ తగ్గిపోయి, చేతిలో వస్తువులు జారిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

పిక్కలు పట్టేయడం ఇంకోటి. అర్ధరాత్రి కేక పెట్టి లేస్తారు. 2012లో నెదర్లాండ్స్‌లోనే 55 ఏళ్లు దాటిన 80 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత ఆరు వారాలపాటు రోజూ పడుకునేముందు పిక్కలు, తొడ వెనక కండరాలు సాగదీయించారు. వాళ్లకు పట్టేయడం తగ్గింది. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి ఉంచి ముందుకు వంగాలి. పదిసెకన్లు, మూడుసార్లు, రెండు కాళ్లకూ. మూడు నిమిషాల పని.

పక్కకు ఒత్తిగిలగానే గదంతా గిర్రున తిరిగి, భయంతో రాత్రంతా కదలకుండా పడుకునేవాళ్లు ఉంటారు. బీపీ అనో, మెడ ఎముకలు అరిగాయనో మందులు వాడుతుంటారు. చాలాసార్లు అది చెవి లోపల సన్నటి రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చేది. తల, ఒళ్లు ఒక క్రమంలో తిప్పి వాటిని చోటికి పంపించే పద్ధతి ఉంది, దాన్ని రూపొందించిన జాన్ ఎప్లీ అనే డాక్టర్ పేరుతోనే పిలుస్తారు. చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది. వారాల తరబడి దిండ్లకు ఆనుకుని కూర్చుని నిద్రపోయిన మనిషి ఆ రాత్రి హాయిగా అటూ ఇటూ దొర్లి పడుకున్నానని చెబితే, ఆ సంతోషం నాకు వారమంతా ఉంటుంది.

నడుం నొప్పి వాళ్లకు నేల మీద పడుకో, చెక్క మీద పడుకో అని ఊళ్లో అందరూ సలహా ఇస్తారు. స్పెయిన్‌లో ఎప్పటినుంచో నడుం నొప్పి ఉన్న 313 మందికి, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థంగా ఉండేవి ఇచ్చి 90 రోజులు చూశారు. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి, మధ్యస్థంగా ఉన్న పరుపే మెరుగని తేలింది. చాప మీద హాయిగా నిద్రపట్టేవాళ్లు మానక్కర్లేదు. నడుం నొప్పని చెప్పి కొత్తగా నేల మీదికి మారనక్కర్లేదు, అంతే. వదులై ఉయ్యాలలా కుంగిన నులకమంచమో నవారు మంచమో అయితే ముందు దాన్ని బిగించండి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు నడుముకు హాయి. కానీ మోకాళ్లు అరిగినవాళ్లు రాత్రంతా అలా ఉంచుకుంటే కాళ్లు మడతలోనే బిగుసుకుపోతాయి, వాళ్లు పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం మేలు.

ఇక మళ్లీ అమ్మగారి దగ్గరికి వస్తాను. ఐదు నెలలు నిద్రలేని మనిషికి నొప్పి తగ్గినా నిద్ర వెంటనే దారిలో పడదు. ఇది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఫిజియోథెరపీ పనిచేయలేదనుకుంటారు. మంచం చూడగానే "ఇవాళ రాత్రి కూడా ఇంతేనేమో" అని టెన్షన్ మొదలవుతుంది. రెండున్నరకు లేవడం ఒంటికి అలవాటైపోతుంది. పగలు అలసటతో సీరియల్ చూస్తూ గంటన్నర కునుకు తీస్తారు, సాయంత్రం తలనొప్పికి ఇంకో టీ తాగుతారు, రాత్రికి నిద్ర ఇంకా దూరమవుతుంది. చెయ్యి నొప్పెడుతుందని నడక కూడా మానేసి ఉంటారు, అవునా?

నడక మళ్లీ మొదలుపెట్టించండి. భుజానికి వచ్చింది కాళ్లకు రాలేదు. పొద్దున ఎండలో ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇంకో పది, మంచి చెప్పులు వేసుకుని. నడక నిద్రకూ మంచిది, షుగర్‌కూ మంచిది. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి. సాయంత్రం నాలుగు తర్వాత టీ వద్దు. ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున లేచే టైమ్ ఒక్కటే ఉండాలి.

రాత్రి మెలకువ వచ్చి, ఓ ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర పట్టకపోతే మంచం మీదే దొర్లవద్దని చెప్పండి. లేచి హాల్లో, చిన్న లైటు వెలుగులో కుర్చీలో కూర్చోవాలి, చేతికింద దిండు పెట్టుకుని. ఫోన్ వద్దు, గడియారం చూడొద్దు. రెప్పలు బరువెక్కినప్పుడే మంచం మీదికి రావాలి. మొదటి వారం ఇది కష్టంగానే ఉంటుంది. మంచానికీ నిద్రకూ తెగిపోయిన బంధం మళ్లీ ఏర్పడాలంటే ఇదే దారి. దీర్ఘకాలపు నిద్రలేమికి ముందుగా మాత్ర కాకుండా ఇలాంటి అలవాట్ల చికిత్సే ఇవ్వాలని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ అనే డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. దాన్ని పూర్తిగా నేర్పేది మానసిక వైద్యులు, సైకాలజిస్టులు. వ్యాయామంతో పాటు ఇందులో తేలికైనవి నేర్పే ఫిజియోథెరపిస్టులు కూడా ఉన్నారు.

కుర్చీలో కూర్చున్నప్పుడు చేయడానికి ఒకటి చెబుతాను. ఎడమ అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, మనసులో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోవాలి. ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదిలేటప్పుడు భుజాలు చెవుల దగ్గరినుంచి కిందికి జారాలి. నొప్పి ఉన్నవాళ్లు తెలియకుండానే భుజాన్ని పైకి ఎత్తి బిగబట్టి ఉంచుతారు, అది వదలడమే సగం పని. ఐదు నిమిషాలు చాలు. ఒళ్లంతా ఒక్కో కండను బిగించి వదిలే జాకబ్సన్ పద్ధతి కూడా మంచిదే. అమ్మగారు దాన్ని పాదాల దగ్గర మొదలుపెట్టి ఎడమ చేతితో ఆపేయాలి, కుడి భుజాన్ని బిగించకూడదు.

నాన్నగారి సంగతి. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారిగా ఉలిక్కిపడి తీసుకోవడం, పగలు కూర్చున్నచోటే తూగడం, బీపీ, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, వీటిలో కొన్ని ఉన్నాయంటే నిద్ర పరీక్ష చేయించండి. 2009లో బ్రెజిల్‌లో ఇలా నిద్రలో ఊపిరి ఆగే సమస్య (స్లీప్ ఆప్నియా) మధ్యస్థాయిలో ఉన్న 31 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత నాలుక, గొంతు కండరాల వ్యాయామాలు మూడు నెలలు చేయించారు. గంటకు సుమారు 22 సార్లు ఊపిరికి అడ్డంకి వచ్చేది 14కు తగ్గింది. మంచి ఫలితమే, కానీ పూర్తిగా పోలేదు. డాక్టర్ గారు సీపాప్ మెషిన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపేది) పెట్టుకోమంటే పెట్టుకోవాల్సిందే, వ్యాయామం దానికి తోడు మాత్రమే. ఆయన గురకకు అమ్మగారు లేస్తున్నారేమో అది కూడా ఆ కాగితం మీద రాయించండి.

కొన్ని విషయాల్లో దిండ్లు సర్దుతూ కూర్చోవద్దు. ఏ పక్కకు తిరిగినా, ఎలా కూర్చున్నా తగ్గని రాత్రి నొప్పి, దాంతోపాటు జ్వరమో, కారణం లేకుండా బరువు తగ్గడమో, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండడమో ఉంటే ముందు డాక్టర్. భుజం, దవడ, ఛాతీ కలిసి నొప్పి, చెమట, ఆయాసం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు మామూలు లక్షణాలతో రాకపోవచ్చు. నడుం నొప్పితో మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఫిజియోథెరపీ డిగ్రీలైన బీపీటీ గానీ ఎంపీటీ గానీ చదివారో లేదో అడగడానికి మొహమాటపడకండి. మూడు రాత్రుల కాగితం చూపించండి. దాన్ని చదివి, ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, అమ్మగారిని మంచం ఎక్కించి దిండ్లు పెట్టి చూపించారంటే అక్కడ కొనసాగండి. షుగర్ వల్ల భుజం పూర్తిగా వదులవడానికి ఏడాదో అంతకంటే ఎక్కువో పట్టొచ్చు. రాత్రి నొప్పి మాత్రం అన్నిటికంటే ముందే తగ్గడం చూస్తుంటాను.

నిద్రమాత్ర ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. రోజూ వాడే మాత్ర అకస్మాత్తుగా మానేస్తే నిద్ర ఇంకా పాడవుతుంది, కొన్నిరకాల మాత్రలతో వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. మాత్ర వేసుకున్న రాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు తూలకుండా దారిలో లైటు వేసి ఉంచండి. ఓ నెల తర్వాత, కాగితం మీద మెలకువలు తగ్గాయని కనిపించాక, దాన్నే రాసిన డాక్టర్ గారికి చూపించి, ఎలా తగ్గించుకుంటూ రావాలో అడగండి.